సాయంత్రం ఆరు గంటల కాగితం

(జాతీయ భద్రతా దినోత్సవం నాడు కాకినాడలో ఇంజనీరింగ్ విద్యార్థుల ముందు ఒక రిటైర్డ్ సేఫ్టీ ఆఫీసర్ చేసిన ప్రసంగం)

వేదిక మీద ఉన్న పెద్దలందరికీ నమస్కారం. పేరుపేరునా చెబితే నాకిచ్చిన పావుగంట దానికే సరిపోతుంది, ఏమీ అనుకోకండి. ప్రిన్సిపాల్ గారు హెల్మెట్ల గురించి, బూట్ల గురించి చెప్పమన్నారు. అవి బయట పోస్టర్లలో ఉన్నాయి. నేను ఒక కాగితం గురించి చెబుతాను.

కోనసీమ పిల్లలు ఎంతమంది ఉన్నారు? అబ్బో, చాలామందే. 1995 జనవరిలో పాశర్లపూడి గ్యాస్ బావి అంటుకుని 65 రోజులు మండింది. ఆ రాత్రులు ఎలా ఉండేవో మీ అమ్మమ్మలను అడగండి. అయినా అది నేల మీది బావి. ఊరొదిలి పోవడానికి రోడ్డుంది. సముద్రం మధ్యలో అయితే ఎటు పోతారు?

స్కాట్లండ్ వైపు నార్త్ సీలో పైపర్ ఆల్ఫా అని, సముద్రం అడుగు నుంచి చమురు, గ్యాసు తీసే ఒక ప్లాట్‌ఫారం. ఆక్సిడెంటల్ కంపెనీ నడిపేది. 1988 జులై 6న అక్కడ రెండు పంపుల్లో ఒకదాని సేఫ్టీ వాల్వు విప్పి బాగుచేస్తున్నారు. సాయంత్రానికి పని తెమల్లేదు. విప్పిన చోట ఒక ఇనుప బిళ్ల బిగించి వెళ్లారు. వాల్వు లేదని చెప్పే పర్మిట్, అంటే ఆ పనికి రాసిచ్చే అనుమతి కాగితం, నైట్ షిఫ్టు వాళ్ల కంటపడలేదు. రాత్రి రెండో పంపు ఆగిపోయింది. వీళ్లు మొదటి పంపు ఆన్ చేశారు. పది గంటలకు మొదటి పేలుడు.

167 మంది పోయారు. హెలికాప్టర్ వస్తుందని గదుల్లో ఎదురుచూసినవాళ్లలో చాలామందిని పొగే చంపేసింది. బతికిన 61 మందిలో ఎక్కువమంది సముద్రంలోకి దూకినవాళ్లు. ఇంకో ఘోరం, మంటలు లేచాక కూడా టార్టన్, క్లేమోర్ అనే పక్క ప్లాట్‌ఫారాలు దీనితో కలిసిన పైప్‌లైన్లలోకి పంపింగ్ వెంటనే ఆపలేదు.

వెనక బాబూ, ఫోన్ తర్వాత చూసుకో. అసలు సంగతి ఇప్పుడొస్తోంది.

లార్డ్ కలెన్ అనే జడ్జి విచారణ జరిపి 106 సిఫార్సులు చేశారు. కంపెనీ మీద క్రిమినల్ కేసు మాత్రం లేదు. పోయినవాళ్లలో ఎక్కువమంది కాంట్రాక్టర్ల మనుషులు. కుటుంబాలకు డబ్బు కట్టాక కంపెనీ వైపువాళ్లు, ఒప్పందంలో రాసుకున్నాం కాబట్టి అదంతా మాకు తిరిగివ్వండని ఆ కాంట్రాక్టర్ల మీదే దావా వేశారు. 2002లో హౌస్ ఆఫ్ లార్డ్స్‌లో, అంటే అప్పట్లో బ్రిటన్ పై కోర్టులో, గెలిచారు కూడా. చట్టప్రకారం సరే. నాకు మాత్రం ఇవాళ్టికీ మింగుడుపడదు.

ఎందుకంటే నేనూ అలాంటి కాగితం మీద సంతకం పెట్టాను. ఏ ప్లాంటో చెప్పను. షిఫ్టు మారే వేళ మా ఆఫీసర్ పర్మిట్లన్నీ టిఫిన్ క్యారేజీ మీద దొంతర పెట్టుకుని చకచకా సంతకాలు చేసేవాడు. పై కాగితం మీద ఎప్పుడూ టీ గ్లాసు మరక. లైన్ దగ్గరకు ఎవరూ వెళ్లేవారు కాదు. ఒకరోజు ఖాళీ అయిందనుకున్న లైన్ విప్పబోయి ఒక హెల్పర్ మోచేతి దాకా కాల్చుకున్నాడు. కాంట్రాక్టు కుర్రాడు, పెళ్లయి మూడు నెలలు. రిపోర్టులో 'కార్మికుడి అజాగ్రత్త' అని రాసి సాక్షిగా నన్ను సంతకం పెట్టమన్నారు. పెట్టాను. అప్పటికి నా ఉద్యోగం పర్మనెంట్ కాలేదు.

ఆ మాట చెప్పడానికే ఇవాళ ఒప్పుకుని వచ్చాను, హెల్మెట్ల కోసం కాదు.

టైమైందా సార్? రెండు నిమిషాలు. అమ్మా, నువ్వూ, ఆ పక్క అబ్బాయీ, ఇలా స్టేజీ మీదకు రండి. నువ్వు పగటి షిఫ్టు. అతను నైట్ షిఫ్టు. ఇదిగో పర్మిట్. పంపు విప్పి ఉంది, బయట నీ బస్సు హారన్ కొడుతోంది. ఊఁ, ఇప్పుడు అతనికి ఏం చెబుతావో చెప్పమ్మా.