ప్రమాదం జరిగాక ఆ గ్రైండర్ ఎక్కడుంది?

అందరికీ నమస్కారం. పనిచోట పవర్ టూల్ దెబ్బ తగిలినవారు తయారీదారు మీద దావా వేస్తామంటే, మెడికల్ రిపోర్టు కన్నా ముందు అడగాల్సింది ఒక్కటి: ఆ మిషన్ ఇప్పుడు ఎక్కడుంది? రిపేరుకు పంపేశారనో, తుక్కులో వేశారనో జవాబొస్తే, కేసు సగం పోయినట్టే.

ఎందుకో 1963లో కాలిఫోర్నియా సుప్రీంకోర్టు తేల్చిన గ్రీన్‌మన్ వర్సెస్ యూబా పవర్ ప్రొడక్ట్స్ కేసు చూస్తే తెలుస్తుంది. అది లేత్‌గానూ, అంటే కట్టెను తిప్పుతూ చెక్కే మిషన్‌గానూ పనిచేసే టూల్. తిరుగుతున్న కట్టె ఎగిరొచ్చి, వాడుతున్న మనిషి నుదుటికి కొట్టింది. భాగాలను బిగించే సెట్ స్క్రూలు ఆ పనికి చాలవని, మామూలు అదురుకే టెయిల్‌స్టాక్ (కట్టె చివరను పట్టి ఉంచే భాగం) వెనక్కి జరిగిపోతుందని నిపుణులు సాక్ష్యమిచ్చారు. తయారీదారు అజాగ్రత్తను నిరూపించనక్కర్లేదు, లోపం వల్లే గాయమైందని చూపితే చాలన్న సూత్రానికి అమెరికాలో ఈ తీర్పే పునాది. స్క్రూలే దొరక్కపోయుంటే?

లోపం తయారీలో ఉండొచ్చు, డిజైన్‌లో ఉండొచ్చు, హెచ్చరికలో ఉండొచ్చు. గొడవంతా డిజైన్ దగ్గరే. ఇంతకన్నా భద్రమైన ఏర్పాటు అప్పటికే సాధ్యమని మన నిపుణుడు చూపాలి.

యాంగిల్ గ్రైండర్‌నే తీసుకోండి. 125 మిల్లీమీటర్ల డిస్కు మీద సాధారణంగా సెకనుకు 80 మీటర్ల అంచు వేగం, అంటే నిమిషానికి సుమారు 12,250 చుట్లు, గరిష్ఠమని రాసి ఉంటుంది. గార్డు (డిస్కును కప్పి ఉంచే రక్షణ తొడుగు) తీసేసి అదే మిషన్‌కు 230 మిల్లీమీటర్ల డిస్కు తగిలిస్తే, 11,000 చుట్ల దగ్గరే అంచు వేగం 130 మీటర్లు దాటుతుంది. డిస్కు పగిలిపోవచ్చు. అప్పుడు తయారీదారు 'దుర్వినియోగం' అంటాడు. అలా వాడతారని ముందే ఊహించదగినదా, గార్డు చేత్తోనే ఊడి వచ్చేలా ఉందా అన్నది మన ఎదురు ప్రశ్న. పనిలో పెట్టుకున్న యజమానే గార్డు తీయించి ఉంటే లెక్క మళ్లీ మారుతుంది.

అందుకే డిస్కు ముక్కలన్నీ ఏరాలి. మధ్యనున్న లోహపు రింగు మరీ ముఖ్యం, రెసిన్ డిస్కుకు గడువు తేదీ దాని మీదే ఉంటుంది. ఫ్లాంజీ (డిస్కును నొక్కి పట్టే లోహపు బిళ్ల), నట్టు, గార్డు కూడా దాచండి. గార్డు ఏ కోణంలో ఉందో, నేమ్ ప్లేటు సీరియల్ నంబరేమిటో స్కేలు పెట్టి ఫొటో తీయండి. 'పనిచేస్తుందేమో చూద్దాం' అని ప్లగ్గు మాత్రం పెట్టొద్దు. స్విచ్ కాంటాక్టుల మీది కాలిన గుర్తులు మారిపోతాయి. విప్పే ముందు మిషన్‌కు ఎక్స్‌రే తీయించండి. విప్పడమన్నది రెండు పక్షాల నిపుణులూ ఉన్నప్పుడే, రాతపూర్వకంగా ఒప్పుకున్న పద్ధతిలోనే జరగాలి.

చాలా దేశాల్లో యజమాని ఇచ్చే ప్రమాద పరిహారం వేరు, తయారీదారు మీద దావా వేరు. మొదటిది తీసుకున్నంత మాత్రాన రెండోది పోదు. కాకపోతే గడువు చూసుకోవాలి. లోపమున్న వస్తువుల బాధ్యత మీద 1985 నాటి యూరోపియన్ డైరెక్టివ్‌లో (సభ్య దేశాలు చట్టంగా చేసుకోవాల్సిన ఆదేశంలో) నష్టం, లోపం, తయారీదారు ఎవరన్నది తెలిసినప్పటి నుంచి 3 ఏళ్లు, వస్తువు మార్కెట్లోకి వచ్చినప్పటి నుంచి 10 ఏళ్లు. ఆ పదేళ్ల లెక్క తేల్చడానికీ ముందు చూసేది సీరియల్ నంబరే.