టెక్ సింగ్ పళ్ళెం రివ్యూ: మొదటిసారి పాత చైనా పింగాణీ కొనేవారికి ఇది పనికొస్తుందా?

అందరికీ నమస్కారం. బల్ల మీద ఉన్న ఈ పళ్ళెం చూస్తే ఎవరి కళ్ళూ చెదరవు. వెలిసిన నీలం, బూడిద ఛాయ ఉన్న తెలుపు, మధ్యలో హడావిడిగా గీసిన పువ్వు. అయితే దీని వయసు రెండు వందల ఏళ్ళ పైమాటే. టెక్ సింగ్ అనే చైనా ఓడతో పాటు 1822లో సముద్రం పాలైన సరుకులోది ఇది. బ్రిటన్‌లో వేలంపాటలకు వెళ్ళే తెలుగువాళ్ళు కొందరు, మొదట ఏం కొనమంటారని నన్ను అడుగుతుంటారు. వాళ్ళ కోసమే ఈ రివ్యూ.

ముందు దీని కథ. 1822 జనవరిలో అమోయ్ రేవు, అంటే ఇప్పటి షియామెన్, నుంచి బటావియాకు, అంటే నేటి జకార్తాకు, టెక్ సింగ్ బయలుదేరింది. అడుగున పింగాణీ, పైన కిక్కిరిసిన జనం. ఫిబ్రవరి 6న ఇండోనేషియాలోని గాస్పర్ జలసంధి దగ్గర నీటి అడుగు దిబ్బను కొట్టుకుని మునిగిపోయింది. సుమారు 1,600 మంది చనిపోయారు. ఆ దారిన వచ్చిన ఇండియానా అనే ఓడ కెప్టెన్ జేమ్స్ పెర్ల్ దాదాపు 190 మందిని కాపాడాడు. 1999లో మైక్ హాచర్ బృందం ఆ శిథిలాలను కనిపెట్టి దాదాపు మూడున్నర లక్షల పింగాణీ వస్తువులు పైకి తీసింది. 2000 నవంబరులో జర్మనీలోని స్టుట్‌గార్ట్‌లో నాగెల్ సంస్థ వాటిని వేలం వేసింది.

ఇంతమంది ప్రాణాలు పోయిన చోట దొరికిన సరుకును వ్యాపారం చేయడం సబబేనా అన్న ప్రశ్న ఉంది. మునిగిన ఓడల్లోని వారసత్వ సంపదను అమ్ముకోకూడదని 2001లో యునెస్కో ఒక ఒడంబడిక కూడా చేసింది. ఈ పళ్ళేలు అంతకు ముందే మార్కెట్లోకి వచ్చేశాయి. నా మటుకు నేను కొన్నాను. మీ మనసు ఒప్పకపోతే మానేయండి, అందులో తప్పేమీ లేదు.

ఇప్పుడు తిప్పి చూద్దాం. కెమెరా కాస్త దగ్గరికి. పాత పింగాణీ చేతికి రాగానే అందరూ పువ్వు చూస్తారు, నేను అడుగు చూస్తాను. ఈ గుండ్రటి అడుగు గట్టు మీద మెరుపు పూత లేదు. వేలితో రాస్తే గరగరలాడుతోంది, అక్కడక్కడ బట్టీ ఇసుక అంటుకుని ఉంది. దీన్ని ఇటు వెలుతురులో పెడితే, ఒక పక్క నిగనిగ ఉంది, మరో పక్క పూర్తిగా మసకబారింది. ఇసుక, ఉప్పునీరు దశాబ్దాల తరబడి ఒరుసుకున్న పక్క అది. యాసిడ్ పూసి పాతదనం తెప్పించిన వస్తువులో మసక అన్ని వైపులా ఒకేలా పరుచుకుని ఉంటుంది. ఈ తేడా చేతికి, కంటికి అలవాటు కావాలంటే అసలు వస్తువును ఇంట్లో పెట్టుకోవాల్సిందే. ఫోటోలు చూసి నేర్చుకోవడం అయ్యే పని కాదు.

గీత చూడండి. రేకు చివర కుంచె ఎత్తకుండానే పక్క రేకులోకి లాగేశాడు. ఈ సరుకులో ఎక్కువ భాగం చైనాలోని ఫుజియన్ ప్రాంతపు దెహువా బట్టీలది. రాజుగారి భోజనాల బల్లకు కాదు, మామూలు ఇళ్ళలో అన్నం తినడానికి చేసినవి. చైనాలో పింగాణీకి పేరుపడ్డ జింగ్‌దెజెన్ ఊళ్ళో చక్రవర్తి కోసం చేసిన పనితనం ఇందులో వెతకడం అన్యాయం.

అడుగున చక్రవర్తి పేరున్న ముద్ర లేదేమిటి అని కామెంట్లలో తప్పకుండా అడుగుతారు. లేకపోవడమే మేలు. 1677లో జింగ్‌దెజెన్ అధికారి ఒకరు పింగాణీ మీద కాంగ్‌షి చక్రవర్తి పేరు రాయొద్దని ఆజ్ఞ వేశాడు. పళ్ళెం పగిలితే చక్రవర్తి పేరు చెత్తలో పడుతుందని భయం. దాంతో కుమ్మరులు రెండు వందల ఏళ్ళ కిందటి చెంగ్‌హువా చక్రవర్తి పేరు రాసేశారు. తర్వాతి కాలంవాళ్ళు కాంగ్‌షి పేరు కూడా యథేచ్ఛగా రాశారు. ముద్ర చదివి వయసు చెప్పేవాళ్ళు ఎదురైతే నవ్వి ఊరుకోండి.

ధర సంగతి. లక్షల్లో బయటపడ్డ సరుకు కనుక అరుదు కాదు, మామూలు పళ్ళెం వంద పౌండ్లకు అటూ ఇటూగా దొరుకుతుంది. అంత తక్కువకు పోయే దానికి నకిలీ చేసి మిగుల్చుకునేదీ పెద్దగా ఉండదు, అందుకే నకిలీల బెడద తక్కువ. అమ్మేటప్పుడు మాత్రం చుక్కలు కనిపిస్తాయి. వేలంలో పాట వంద దగ్గర ఆగితే, వేలం సంస్థ రుసుము, పన్ను కలిపి మీకు నూటముప్పై దాకా పడుతుంది. మళ్ళీ వందకే అమ్ముడైతే కమిషన్ పోగా ఎనభై చేతికొస్తుంది. అంటే ధర ఒకటిన్నర రెట్లు దాటితేగాని పెట్టిన డబ్బు తిరిగి రాదు. దీన్ని పెట్టుబడి అని ఎవరైనా అంటే నమ్మకండి.

కనెటికట్‌లో ఒకరు పాత సామాన్ల అమ్మకంలో 35 డాలర్లకు కొన్న గిన్నె, 2021 మార్చిలో న్యూయార్క్‌లో సోత్‌బీస్ సంస్థ వేలంలో 7,21,800 డాలర్లకు పోయిన మాట నిజమే. అది 15వ శతాబ్దపు, చైనా మింగ్ రాజవంశ కాలం నాటి గిన్నె. ఆ వార్త చదివి వేలానికి వచ్చేవాళ్ళు, 2010లో లండన్ శివారు రైస్లిప్‌లో జరిగింది కూడా చదవాలి. అక్కడ ఒక చైనా జాడీకి పాట 4 కోట్ల 30 లక్షల పౌండ్ల దగ్గర ఆగింది. పాడినవారు డబ్బు కట్టలేదు. చివరికి మరొకరికి అందులో సగానికి అటూ ఇటూగా అమ్మారని పత్రికలు రాశాయి. సుత్తి దెబ్బ పడినంత మాత్రాన డబ్బు వచ్చినట్టు కాదు.

ఇండియాకు తీసుకెళ్దామనుకునేవారికి ఒక మాట. 1972 నాటి పురావస్తువుల చట్టం కింద వందేళ్ళు దాటిన కళాఖండం పురావస్తువే, చైనాలో చేసినా సరే. ఒకసారి దేశంలోకి వెళ్ళాక మీరు మళ్ళీ బయటికి పంపడం కుదరదు, వ్యాపారంగా అమ్మాలంటే లైసెన్సు కావాలి. హైదరాబాద్‌లో ఉన్నవారు కొనే ముందు సాలార్‌జంగ్ మ్యూజియంలో చైనా పింగాణీ గదికి వెళ్ళి రండి. విషం కలిస్తే రంగు మారుతుందని ఒకప్పుడు నమ్మిన సెలడాన్ అనే ఆకుపచ్చ పూత పళ్ళేలు అక్కడ ఉన్నాయి. ఆ నమ్మకం వట్టిదేగానీ పళ్ళేలు మాత్రం అద్భుతం.

నా మార్కులు: నేర్చుకోవడానికి పదికి తొమ్మిది, అందానికి ఆరు, తిరిగి అమ్ముకోవడానికి మూడు. కొంటే నాగెల్ వేలం స్టిక్కర్, దానితో వచ్చిన పత్రం రెండూ ఉన్నదే కొనండి. ఇంటికి తెచ్చాక ఆ స్టిక్కర్‌ను కడిగేయకండి. అది ఊడిపోతే మీ దగ్గరున్నది ఏ ఓడలోదో చెప్పే ఆధారం పోతుంది, ధరా పడిపోతుంది. మీ దగ్గరున్న వస్తువు గురించి అడగాలంటే ఫోటో పంపండి, పువ్వుది కాదు, అడుగుది.