రింగు ఎంత దూరం నుంచి విసరాలి?

విద్యార్థులకు, అధ్యాపకులకు నమస్కారం.

నన్ను పిలిచినవాళ్లు "పిల్లల్ని కాస్త మోటివేట్ చేయండి సార్, నాయకత్వం గురించి కూడా చెప్పండి" అన్నారు. ఆ మాట వింటేనే నాకు టెన్షన్. ఇలాంటి ప్రసంగాల వేడి హాలు గుమ్మం దాటేలోపే చల్లారిపోతుందని మీ వయసులోనే తెలుసుకున్నాను. అందుకే ఒక ఆట గురించి చెబుతాను.

డేవిడ్ మెక్లెలాండ్ అనే అమెరికన్ మనస్తత్వవేత్త రింగులు విసిరే ఆటలో మనుషుల తీరు గమనించాడు. నేలమీద ఒక మేకు, చేతిలో రింగులు. ఎక్కడ నిలబడాలో ఎవరిష్టం వాళ్లది. కొందరు మేకు పక్కనే నిలబడ్డారు. కొందరు పడే అవకాశమే లేనంత దూరం నుంచి విసిరారు. సాధించాలన్న తపన గట్టిగా ఉన్నవాళ్లు మాత్రం మధ్యలో ఒక చోటు చూసుకున్నారు. అక్కడినుంచి వేయడం కష్టమే, కానీ గురి కుదిరితే పడుతుంది.

దగ్గర నిలబడేవాడికి భయమని అందరం ఒప్పుకుంటాం. నన్నడిగితే దూరం వెళ్లేవాడిదీ భయమే. అంత దూరం నుంచి విసిరితే పడకపోయినా పరువు పోదు కదా! "ప్రపంచాన్ని మార్చే కంపెనీ పెడతా" అనే కుర్రాణ్ణి ఈ నెలలో ఏం చేస్తావని అడిగి చూడండి. వాడు ఫోన్ చూసుకుంటాడు.

మరి ఈ తపన పుట్టుకతోనే రావాలా? నేర్పితే వస్తుందేమోనని మెక్లెలాండ్ బృందం పరీక్షించింది కాకినాడలో. 1964లో అక్కడి చిన్న వ్యాపారులకు హైదరాబాద్‌లో కొద్దిరోజుల శిక్షణ ఇచ్చారు. ఆటలు ఆడించారు, కథలు రాయించారు, ఎవరి లక్ష్యం వాళ్లనే పెట్టుకోమన్నారు. శిక్షణ లేనివాళ్లతో పోలిస్తే ఆ తర్వాత వీళ్లే ఎక్కువ పెట్టుబడులు పెట్టారు, కొత్త పనులు మొదలెట్టారు. వాళ్లంతా అప్పటికే వ్యాపారంలో ఉన్నవాళ్లని గుర్తుంచుకోండి. చేతిలో పని ఉన్నప్పుడే శిక్షణ అంటుకుంటుంది.

చదువు మానేసి ఇరవై ఏళ్లకే కోటీశ్వరుడైన కథలు మీకు కంఠతా వచ్చు. అమెరికాలో అత్యంత వేగంగా ఎదిగిన కంపెనీల వ్యవస్థాపకుల లెక్క తీస్తే, మొదలుపెట్టేనాటికి వాళ్ల సగటు వయసు 45 అని తేలింది. కాబట్టి తొందరేమీ లేదు. అలాగని ఊరికే కూర్చోమనీ కాదు.

సరస్ సరస్వతి అనే పరిశోధకురాలు 27 మంది అనుభవజ్ఞులైన వ్యాపారవేత్తలు ఎలా ఆలోచిస్తారో పరిశీలించారు. లాభం ఎంతొస్తుందన్న అంచనా కంటే, పోతే ఎంతవరకు తట్టుకోగలమన్నదే వాళ్లు ముందు చూసుకుంటారట. విద్యార్థికి ఇంతకంటే పనికొచ్చే లెక్క నాకు తెలీదు. మీ దగ్గర పోయేది రెండు సెలవు దినాలు, కొంచెం పాకెట్ మనీ, మహా అయితే నలుగురి నవ్వు. ఇంటి అప్పు, పిల్లల ఫీజులు నెత్తిన పడ్డాక ఈ లెక్క ఇంత సులువుగా ఉండదు.

నాయకత్వం సంగతి కూడా అడిగారు కాబట్టి ఒక ముచ్చట. మా కాలేజీ వేడుకలకు నేను కమిటీ అధ్యక్షుణ్ణి, బ్యాడ్జి కూడా ఉండేది. రేపు కార్యక్రమం అనగా మైక్‌సెట్ ఎవరూ మాట్లాడలేదని తెలిసింది. ఎవరికివాళ్లు పక్కవాడు చూసుకుంటాడనుకున్నాం, నాతో సహా. మేం తప్పెవరిదో తేల్చుకుంటుంటే, ఏ కమిటీలోనూ లేని మా క్లాస్‌మేట్ ఒకతను సైకిలేసుకుని వెళ్లి, రాత్రి పదింటికి మైక్‌సెట్‌తో తిరిగొచ్చాడు. మర్నాడు అదే మైకులో నేను మాట్లాడాను. అతను వెనక వరుసలో నిద్రపోతున్నాడు.

ఇక మీ వంతు. కుర్చీల మీద చిన్న కాగితాలున్నాయి. వచ్చే నెలలో మొదలుపెట్టే పని ఒకటి, అది చెడితే పోయేదెంత, ముందుగా ఎవరి సాయం అడుగుతారు, ఈ మూడూ రాయండి. పేరు అక్కర్లేదు. ఖాళీ కాగితమిచ్చినా తీసుకుంటాను. మేకు మరీ దగ్గరగా పెట్టారో, మరీ దూరంగా పెట్టారో టీ తాగేటప్పుడు కలిసి చూద్దాం.