"డమాస్కస్ తల్వార్" అంటున్నారు, నిజంగా అదేనా? | రెండు కత్తుల రివ్యూ

అందరికీ నమస్తే. టేబుల్ మీద రెండు తల్వార్లున్నాయి, చూడండి. రెండూ కొత్తవే, రెండింటికీ పదును పెట్టలేదు. ఎడమ పక్కది "డమాస్కస్ స్టీల్, ప్రాచీన పద్ధతి" అని చెప్పి అమ్మిన కత్తి. కుడి పక్కది ఈఎన్45 స్ప్రింగ్ స్టీల్, అంటే వంచినా మళ్లీ తిన్నగా వచ్చే రకం ఉక్కు. డిజైన్ లేదు, హంగు లేదు, ధర కూడా దాదాపు సగం. ముందే చెప్పేస్తున్నా, నా ఓటు కుడి పక్క దానికే. ఎందుకో తెలియాలంటే ఒకసారి నిజామాబాద్ వైపు వెళ్లొద్దాం.

అక్కడ కోనసముద్రం అనే ఊరుంది. 1820 ప్రాంతంలో హెన్రీ వాయ్‌సీ అనే భూగర్భ శాస్త్రవేత్త ఆ ఊళ్లో ఉక్కు తయారీ చూసి రాసిపెట్టాడు. ఇస్ఫహాన్ నుంచి వచ్చిన ఒక పర్షియా వ్యాపారి అప్పటికే అక్కడ మకాం వేసి, దగ్గరుండి మరీ ఉక్కు చేయించుకుంటున్నాడట. ఇస్ఫహాన్ ఎక్కడ, కోనసముద్రం ఎక్కడ! ఊరికే రారు కదా అంత దూరం. డమాస్కస్ కత్తులని లోకమంతా పొగిడిన వాటికి కావాల్సిన ముడి ఉక్కు దక్షిణ భారతం నుంచి, శ్రీలంక నుంచి వెళ్లేది. అదే వూట్జ్.

చేసే పద్ధతి ఇదీ. వరి ఊక కలిపిన మట్టితో మూస చేస్తారు. అందులో ఇనుము ముక్కలు, కార్బన్ కోసం కట్టెపుల్లలు, ఆకులు వేసి మూతి మూసేస్తారు. సేలం వైపు రాసిన పాత వివరాల్లో తంగేడు కట్టె, జిల్లేడు ఆకులు అని స్పష్టంగా ఉంది. కోనసముద్రంలోనైతే రెండు చోట్ల నుంచి తెచ్చిన రెండు రకాల ఇనుము కలిపేవారు. కొలిమిలో గంటల తరబడి తిత్తులు ఊదితే లోపల ఇనుము కార్బన్ పీల్చుకుని కరిగిపోతుంది. తర్వాత మెల్లగా చల్లారనిస్తారు. చివరికి అరచేతిలో పట్టేంత ఉక్కు బిళ్ల వస్తుంది. కార్బన్ సుమారు ఒకటిన్నర శాతం. నా కుడి పక్క కత్తిలో అర శాతం పైచిలుకు, అంతే.

అసలు కష్టం ఆ తర్వాత మొదలవుతుంది. అంత కార్బన్ ఉన్న ఉక్కును తెల్లగా మెరిసేదాకా కాల్చి సమ్మెట దెబ్బ వేస్తే పొడిపొడిగా రాలిపోతుంది. యూరప్ కమ్మరులు చాలామంది సరిగ్గా ఇక్కడే బోల్తాపడ్డారు. వాళ్ల మామూలు ఇనుముకు ఆ వేడి అలవాటు. వూట్జ్‌ను ముదురు ఎరుపు దగ్గరే ఆపాలి, మెల్లగా కొట్టాలి, మళ్లీ కాల్చాలి, మళ్లీ కొట్టాలి. అలా కొడుతూ పోతే ఉక్కులోని కార్బైడ్ రేణువులు, అంటే ఇనుము, కార్బన్ కలిసిన గట్టి రేణువులు, వరసలు కడతాయి. పైన ఆమ్లం పూస్తే ఆ వరసలే నీటి అలల్లా కనిపిస్తాయి. ఎవరూ గీసిన డిజైన్ కాదది, ఉక్కు లోపలి నుంచే వచ్చింది.

1998లో అమెరికాలో జాన్ వెర్హోవెన్ అనే లోహ శాస్త్రవేత్త, ఆల్ఫ్రెడ్ పెండ్రే అనే కమ్మరి కలిసి దీని గుట్టు విప్పారు. వెనేడియం లాంటి మూలకాలు 0.02 శాతం లోపున్నా చాలు, రేణువులు వరస కడతాయి. అవి లేకపోతే ఎంత గొప్ప కమ్మరి కొట్టినా ఆ అలలు రావు. అంటే సగం పని గనిలోనే జరిగిపోయిందన్నమాట. పాత డమాస్కస్ కత్తిలో కార్బన్ నానోట్యూబులు (కంటికి కనిపించనంత సన్నని కార్బన్ గొట్టాలు) దొరికాయని 2006లో వచ్చిన వార్తను పట్టుకుని "పూర్వీకుల నానో టెక్నాలజీ" అని వీడియోలు చేస్తుంటారు. నాకైతే ఈ వెనేడియం సంగతే ఎక్కువ ముచ్చటగా ఉంటుంది.

ఇప్పుడు ఎడమ పక్క కత్తికి వద్దాం. కెమెరా కొంచెం దగ్గరికి... ఆ, చాలు. గీతలు ఎంత లావుగా, నలుపు తెలుపుగా కొట్టొచ్చినట్టున్నాయో చూశారా? ఇది రెండు రకాల ఉక్కు పలకలు పేర్చి, కాల్చి అతికించి, మడిచి కొట్టిన పని. మన తాపేశ్వరం మడత కాజా లెక్క, పొర మీద పొర. మామూలుగా 1084 అనే రకం ఉక్కు, నికెల్ ఉన్న 15ఎన్20 అనే రకం ఉక్కు వాడతారు. ఫెర్రిక్ క్లోరైడ్ అనే రసాయన ద్రావణంలో ముంచితే మొదటిది నల్లబడుతుంది, నికెల్ ఉన్నది మెరుస్తుంది. ఈ పని దొంగ పనేం కాదు. ఇంగ్లండ్‌లోని సటన్ హూ అనే చోట ఏడో శతాబ్దపు సమాధిలో దొరికిన కత్తి కూడా ఇలా పొరలు అతికించి చేసిందే. దాని సంప్రదాయం దానికుంది. కానీ దాన్ని వూట్జ్ అని చెప్పి అమ్మితేనే నాకు ఒళ్లు మండుతుంది.

ఇంకో రకం ఉంది, ఇంతకంటే ఘోరం. స్టెయిన్‌లెస్ బ్లేడ్ మీద లేజర్‌తో గీతలు చెక్కేస్తారు. పట్టుకోవడం తేలికే. కత్తి వీపు చూడండి. పొరలు నిజమైతే గీతలు వీపు మీద కూడా సాగుతాయి. మన ఎడమ పక్క కత్తి ఆ పరీక్షలో నెగ్గింది, ఆ మాట ఒప్పుకోవాలి.

మరి ఓడింది ఎక్కడంటే, చేతిలోకి తీసుకున్నాక. పిడి దగ్గర ఎంత మందమో కొన దగ్గరా దాదాపు అంతే. పాత తల్వార్ కొనవైపు పోయేకొద్దీ పలచబడుతుంది, అందుకే చేతిలో చురుగ్గా తిరుగుతుంది. ఇది ఇనుప కమ్మీ పట్టుకున్నట్టుంది. ఒకే మందం పలకను కోసి, అంచులు గ్రైండర్ మీద అరగదీస్తే ఇలాగే వస్తుంది. కుడి పక్క దాన్ని మాత్రం కొనదాకా సాగదీసి చేశారు. వంచితే వంగి మళ్లీ తిన్నగా నిలబడింది.

పిడి గురించి ఒక మాట. కామెంట్లలో "ఫుల్ టాంగ్ ఉందా బ్రో" అని అడుగుతారు, అంటే బ్లేడ్ ఉక్కు పిడి చివరిదాకా సాగుతుందా అని. పాత తల్వార్లకే అది ఉండేది కాదు! పొట్టి తోకను పిడిలోకి దూర్చి, కరిగించిన లక్కలాంటి జిగురు పోసి బిగించేవారు. యుద్ధాలకు అదే సరిపోయింది.

పాతదంతా గొప్పదని కూడా నేననను. మూస ఉక్కు కత్తులు రష్యా చలికి తట్టుకోవని 11వ శతాబ్దంలోనే అల్-బిరూనీ అనే పండితుడు రాశాడు. గట్టి దెబ్బ తట్టుకోవడంలో ఈ స్ప్రింగ్ స్టీలే మేలు. గోడకు తగిలించుకోవడానికైతే ఎడమది తీసుకోండి, కాకపోతే నూనె రాస్తుండాలి, లేదంటే వానాకాలం దాటేలోగా తుప్పు పడుతుంది. చేత్తో పట్టి చూసుకునే సరదా ఉంటే కుడిది. పదునున్నది కొనే ముందు మాత్రం మీ ఊళ్లో ఆయుధ చట్టం ఏమంటుందో కనుక్కోండి.

పాత పనితనం కళ్లారా చూడాలంటే హైదరాబాద్‌లో సాలార్ జంగ్ మ్యూజియం ఆయుధాల గ్యాలరీకి వెళ్లండి. అద్దం ముందు కాస్త వంగి, పక్క నుంచి వెలుతురు పడేలా చూడండి. ఎదురుగా నిలబడితే ఏ అలా కనిపించదు. శుక్రవారం మాత్రం వెళ్లకండి, మ్యూజియం సెలవు.