పియానో వాయించిన మొసలి, ఫ్రీమేసన్ల గోల

తమ్ముడు: అక్కా, ఎగ్మోర్‌లో ఎతిరాజ్ సాలై మీద ఫ్రీమేసన్స్ హాల్ ఉందిగా, లోపల దెయ్యాన్ని పూజిస్తారట, నిజమేనా?

అక్క: ఫ్రీమేసన్లంటే రహస్యాలు పాటించే ఒక పాత సోదర సంఘం వాళ్ళురా. వాళ్ళ శాఖనీ, కలుసుకునే చోటునీ లాడ్జి అంటారు. ఆ పుకారు చెన్నైలోనే కాదు, మన దేశంలో చాలా ఊళ్ళలో లాడ్జిని జాదూ ఘర్, అంటే మాయల ఇల్లు, అనేవాళ్ళు. సూట్లేసుకున్న మగాళ్ళు లోపలికెళ్ళి తలుపేసుకుంటారు, బయట ఒకాయన కాపలా. ఇక ఊరు ఊరుకుంటుందా! ఆ దెయ్యం కథకి పెద్ద ప్రచారం చేసింది మాత్రం లియో టాక్సిల్ అని ఒక ఫ్రెంచాయన. నేను చర్చి దారికొచ్చేశానని నాటకమాడి, మేసన్ల మీద ఏళ్ళ తరబడి పుస్తకాలు అచ్చేయించాడు. వాటిలో సైతాను మొసలి రూపంలో వచ్చి పియానో వాయిస్తాడు!

తమ్ముడు: నమ్మారా?

అక్క: పెద్ద పెద్ద మతగురువులే నమ్మారు. చివరికి 1897లో ప్యారిస్‌లో సభ పెట్టి, అదంతా నేను అల్లిందేనని తనే చెప్పేశాడు. అయినా ఆ కథ చావలేదు, ఇవాళ్టికీ వాట్సాప్‌లో తిరుగుతూనే ఉంది.

తమ్ముడు: మరి ఆ రహస్యం ఏంటి?

అక్క: కరచాలనాలు, సంకేత పదాలు, ప్రమాణాలు. అవి 1730లోనే లండన్‌లో అచ్చయిపోయాయి, ఇంకేం రహస్యం? చేరాలంటే దేవుణ్ణి నమ్మాలి, లాడ్జిలో మతం, రాజకీయం మాట్లాడకూడదు, ఇదే రూలు. వివేకానందుడు నరేంద్రుడిగా ఉన్నప్పుడు, 1884లో, కలకత్తాలో చేరాడు. మోతీలాల్ నెహ్రూ కూడా మేసనే. నన్ను మాత్రం రానివ్వరు, ఈ లాడ్జిల్లో ఆడవాళ్ళకి ప్రవేశం లేదు!

తమ్ముడు: అంటే పాపం, ఉత్త పుణ్యానికి బద్నామయ్యారంటావ్.

అక్క: అలా ఎందుకంటాను? ఇటలీలో పీ టూ అని ఒక లాడ్జి ఉండేది. 1981లో దాని పెద్ద లిచో జెల్లి దగ్గర పోలీసులకి ఒక జాబితా దొరికింది, 962 పేర్లు. మంత్రులు, సైన్యాధికారులు, పత్రికలవాళ్ళు, అందరూ అందులోనే. ఆ దెబ్బకి ప్రభుత్వమే పడిపోయింది. నాకు దెయ్యంతో పేచీ లేదు, లోపల ఎవరి పక్కన ఎవరు కూర్చున్నారన్నదే అసలు ప్రశ్న. నీ కేసు వినే జడ్జీ, అవతలి లాయరూ ఒకే లాడ్జిలో బ్రదర్లయితే?

తమ్ముడు: అమ్మో, నాకు టెన్షనే.

అక్క: బ్రిటన్‌లో కూడా ఆ అనుమానంతోనే 1998 నుంచి, కొత్తగా వచ్చే జడ్జీలు మేసన్లయితే ఆ సంగతి చెప్పాలన్నారు. 2009లో మళ్ళీ ఎత్తేశారు.

తమ్ముడు: ఎందుకు ఎత్తేశారు? ఉంచితే పోయేదేముంది?

అక్క: తప్పు జరిగిందనడానికి ఆధారం దొరకలేదన్నారు. నేనైతే ఉంచేదాన్ని.