డ్యూటీ రోస్టరు, సగం తెరిచిన కిటికీ

సంప్రదింపు అంటే ఇద్దరూ చెరికొంత వదులుకోవడమేనని శిక్షణ తరగతుల్లో సైతం చెబుతుంటే నాకు చిరాకు కలుగుతుంది. ఈ అపోహ వల్ల వార్డు బాధ్యత చూసే నర్సు అన్నిటికంటే ఎక్కువగా నష్టపోయేది సమయమే, ఎందుకంటే చెరిసగంగా సర్దిన రోస్టరు మళ్లీ మళ్లీ ఆమె బల్ల మీదికే తిరిగి వస్తుంది.

నిర్వహణ గురించి రాసిన అమెరికా రచయిత్రి మేరీ పార్కర్ ఫాలెట్ 1925లో ఒక ప్రసంగంలో హార్వర్డ్ గ్రంథాలయంలో జరిగిన చిన్న సంగతి చెప్పారు. ఒకాయన కిటికీ తెరవాలన్నారు, ఫాలెట్ మూయాలన్నారు. చివరికి ఎవరూ లేని పక్క గదిలో కిటికీ తెరిచారు. ఆయనకు కావలసింది గాలి, ఆమెకు అక్కర్లేనిది నేరుగా మీదికి కొట్టే ఉత్తరపు గాలి. సగం తెరిచి ఉంటే ఇద్దరికీ అసంతృప్తే మిగిలేది.

ఇప్పుడు ఆ కిటికీని వార్డులోకి తెద్దాం. ఇద్దరు నర్సులు ఆదివారం ఆఫ్ అడిగారు, ఒక్కరికే వీలుంది. "ఈ వారం నీకు, వచ్చే వారం ఆమెకు" అనడం కిటికీని సగం తెరవడమే. ఏ గంటలు ఖాళీగా కావాలని అడిగితే, ఒకరికి ఉదయం పరీక్ష ఉందని, మరొకరు శనివారం రాత్రి డ్యూటీ చేసి నిద్రపోవాలనుకుంటున్నారని తేలవచ్చు. అప్పుడు మొదటి ఆమెకు మధ్యాహ్నం షిఫ్టు, రెండో ఆమెకు ఆఫ్ ఇస్తే సరిపోతుంది. కారణాలు కూపీ లాగవద్దు; గంటలు తెలిస్తే చాలు, సొంత విషయాలు వారివి.

అయితే అన్ని కిటికీలకూ పక్క గది ఉండదు. రోగుల భద్రతకు అవసరమైన కనీస నర్సుల సంఖ్య, ప్రమాదకరమైన మందులను ఇద్దరు సరిచూడటం వంటివి బేరానికి పెట్టకూడదు.

పై అధికారి "కొత్త పోస్టు కుదరదు" అన్నప్పుడు ఆయన భయం శాశ్వత ఖర్చు గురించి కావచ్చు. మీకు కావలసింది డిశ్చార్జీలు, కొత్త అడ్మిషన్లు ఒకేసారి మీద పడే గంటల్లో అదనపు సాయం కావచ్చు. ఆ గంటల లెక్క రాసుకుని వెళ్లండి, అది కూడా కుదరకపోతే ఏ పని వాయిదా వేస్తారో ముందే నిర్ణయించుకోండి.

సమయం అయిపోవస్తోంది కనుక మిగిలినది క్లుప్తంగా చెబుతాను. రోస్టరు మార్పుల మాటలకు రోజులో ఒక వేళ కేటాయించండి. హ్యాండోవర్ (ఒక షిఫ్టు వారు తర్వాతి షిఫ్టు వారికి రోగుల వివరాలు అప్పగించడం) మధ్యలో మాత్రం వాటిని ఎత్తనివ్వవద్దు, అక్కడ రోగి వివరం ఏదైనా జారిపోవచ్చు. కుదిరిన ఒప్పందాన్ని ఆ రోజే రోస్టరులో రాయండి, లేకపోతే తర్వాతి షిఫ్టు ఇన్‌ఛార్జి ఆ చర్చను మొదటి నుంచి చేయవలసి వస్తుంది.