మెరుపు కంటే ముందు మందం

శ్రోతలకు నమస్కారం.

కారుకు మెరుపు తెప్పించే మిషన్లు, మందులు ఎలా ఎంచుకోవాలన్నది ఈరోజు విషయం. విశాఖపట్నంలో బండి ఉన్నవాళ్ళకు ఈ సంగతి కాస్త గట్టిగానే చెప్పాలి. ఒక పక్క సముద్రం మీంచి వచ్చే ఉప్పుగాలి, మరో పక్క పోర్టులో ఎక్కే దిగే బొగ్గు, ఇనుప ఖనిజాల ధూళి. పాతనగరంలోనో జ్ఞానాపురంలోనో రాత్రంతా బయట నిలిపిన తెల్ల కారు మీద పొద్దున్నే వేలితో రాస్తే నల్లగా అంటుకుంటుంది. ఆ ధూళి మీదే పొడిగుడ్డ పెట్టి రుద్దేస్తాం. ఎండలో సాలెగూడులా కనిపించే సన్నగీతలు ఎక్కువగా అలా పడినవే. పాలిష్ కొట్టిస్తే పోతాయంటారు. నిజమే, పోతాయి. కానీ ఎలా పోతాయో తెలిస్తేనే ఏ మిషన్ కొనాలో తెలుస్తుంది.

కారు రేకు మీద ప్రైమరు, దాని మీద రంగు, అన్నిటికీ పైన రంగులేని క్లియర్ కోట్ ఉంటాయి. కంపెనీ నుంచి వచ్చిన బండికి ఈ పొరలన్నీ కలిపి సాధారణంగా 100 నుంచి 150 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). అందులో క్లియర్ కోట్ సుమారు 40, 50 మైక్రాన్లే, అంటే తలవెంట్రుక మందం కూడా ఉండదు. పాలిష్ గీతను పూడ్చదు. గీత లోతు దాకా చుట్టూ ఉన్న పొరను అరగదీస్తుంది. ఎండకు రంగు వెలిసిపోకుండా కాచేది ఆ పొరే, ఒకసారి పోయిందంటే మళ్ళీ పెయింటు వేయించాల్సిందే. కాబట్టి ముందు తక్కువ అరగదీసే మిషన్, మెత్తని ప్యాడ్, సన్నరకం పాలిష్‌తో మొదలుపెట్టండి. అవి చాలవని తేలాకే పై రకానికి వెళ్ళండి.

మిషన్లలో ముఖ్యమైనవి రెండు. రోటరీ అన్నది ఒకే ఇరుసు మీద గుండ్రంగా తిరుగుతుంది. లోతు గీతలను త్వరగా తీస్తుంది, అయితే వేడంతా ఒకేచోట చేరుతుంది. బానెట్ అంచు మీదో తలుపు మడత మీదో ఒక్క క్షణం ఆగినా అక్కడి పొర కాలిపోతుంది. చేయి తిరిగినవాళ్ళకే అది పనిముట్టు. రెండోది డ్యూయల్ యాక్షన్, షాపుల్లో డీఏ అంటారు. ప్యాడ్ తన చుట్టూ తాను తిరుగుతూనే అటూ ఇటూ ఊగుతుంది. వేడి ఒక్కచోట నిలవదు, రోటరీ వదిలే మసక చారలు దీనితో దాదాపు పడవు. ఇంట్లో చేసుకునేవాళ్ళకు నేను చెప్పేది డీఏ మాత్రమే. కొనేముందు ఊగే దూరం అడగండి: 8, 15, 21 మిల్లీమీటర్ల రకాలు దొరుకుతాయి. 21 రకం పెద్ద బండ్ల వెడల్పు బానెట్లకు బాగుంటుంది. మన వీధుల్లో ఎక్కువగా తిరిగే చిన్న కార్లకు ఒంపులు ఎక్కువ, వాటికి 8 గానీ 15 గానీ చాలు. ప్యాడ్ వెనక ఉండే ప్లేటు మీద మార్కరుతో ఒక గీత గీసుకోండి. పని చేస్తుండగా ఆ గీత తిరగడం ఆగిందంటే మీరు ఎక్కువ నొక్కుతున్నారని అర్థం.

ఒక్కటి మాత్రం ఎవరు చెప్పినా వినకండి. ఇనుము కోసే చిన్న గ్రైండరుకు పాలిష్ ప్యాడ్ తగిలించి వాడటం చాలా షెడ్లలో చూస్తాం. ఆ గ్రైండరు నిమిషానికి సుమారు 11,000 చుట్లు తిరుగుతుంది. పాలిష్ కోసం చేసిన రోటరీ పని చేసేది 600 నుంచి 3,000 చుట్ల మధ్యే. గ్రైండరు వేగానికి క్లియర్ కోట్ తట్టుకోలేదు.

ప్యాడ్లలో ఊలుది ఎక్కువ కోస్తుంది, గట్టి స్పాంజి మధ్యరకం, మెత్తని స్పాంజి నునుపు తేవడానికి. రంగు చూసి కొనకండి, ఒక్కో కంపెనీ రంగుల లెక్క ఒక్కోలా ఉంటుంది. ప్యాడ్ మురికితో నిండగానే పని మానేస్తుంది, అందుకని ఒక్కటి కాకుండా నాలుగైదు దగ్గర పెట్టుకోండి. ముందు జానెడు చోట చేసి ఎండలో చూడండి. అక్కడ తృప్తి కలిగితే మిగతా బండికి అదే పద్ధతి.

మిషన్ పట్టేముందు బండిని బాగా కడగాలి. కడిగాక చేతికి పల్చటి పాలిథీన్ కవరు తొడుక్కుని బానెట్ నిమరండి. గరుకుగా తగిలితే ఇనుప రేణువుల్లాంటివి పొరలో దిగబడి ఉన్నట్టే. బ్రేకుల నుంచి, రైలు పట్టాల నుంచి వచ్చే ఇనుప రేణువులు ఏ ఊళ్ళోనైనా ఉంటాయి, గాజువాక, పోర్టు రోడ్ల వైపు తిరిగే బండ్లలో అయితే తప్పక చూసుకోవాలి. ఐరన్ రిమూవర్ చల్లితే అవి ఊదారంగులోకి మారి కరుగుతాయి. మిగిలినవి క్లే బార్‌తో, అంటే బంకమట్టిలా మెత్తగా ఉండే ముద్దతో తీయాలి. అవి ఉండగా మిషన్ పెడితే మీరే కొత్త గీతలు గీసినట్టు.

2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను తరవాత మన ఊళ్ళో ఎన్నో బండ్లకు మళ్ళీ రంగులు వేయించారు. పాత కారు కొంటుంటే పెయింటు మందం కొలిచే గేజ్‌తో ఒకసారి చూపించుకోండి. ఒక తలుపు మాత్రమే 300 మైక్రాన్లు చూపిస్తే దానికి మళ్ళీ రంగు పడిందన్నమాట, ఆ పొర ఎలాంటిదో ఎవరికీ తెలియదు, అక్కడ చేయి తేలిగ్గా ఉండాలి.

ఇక నల్ల ప్లాస్టిక్, రబ్బరు భాగాలు. బంపరు కింది అంచులు, అద్దాల కింది పట్టీలు చాలావరకు పాలీప్రొపిలీన్‌తో చేసినవి. నలుపు కోసం, ఎండ నుంచి కాపు కోసం అందులో మసిపొడి కలుపుతారు. ఎండకు పైపొర విరిగి సున్నం పూసినట్టు తెల్లబడుతుంది. దీనికి చాలామంది డీజిలో కొబ్బరినూనో రుద్దుతారు. ఆ నలుపు మూన్నాళ్ళ ముచ్చటే. తలుపుల చుట్టూ ఉండే రబ్బరు బీడింగుకు డీజిల్ అసలు తగలనివ్వకండి. అది ఈపీడీఎమ్ రబ్బరు, పెట్రోలియం నూనెలు తగిలితే ఉబ్బి మెత్తబడుతుంది. తరవాత వానాకాలంలో లోపలికి నీళ్ళు.

కొనే మందులు మూడు రకాలు. సాల్వెంట్‌లో కలిపిన సిలికాన్ నూనె బాగా నిగనిగలాడుతుంది, కానీ జిడ్డు. దాని మీద ఉప్పూ ధూళీ అతుక్కుంటాయి, వాన పడితే తెల్ల తలుపు మీద చారలు కారతాయి. నీళ్ళతో చేసిన, పాలలా ఉండే రకం తుడిచాక ఆరిపోతుంది. కొన్ని వారాలే ఉన్నా, సముద్రం పక్కన ఉండేవాళ్ళకు నేను దీన్నే చెబుతాను. మూడోది కోటింగు, నెలల తరబడి ఉంటుంది, ఖరీదూ ఎక్కువే. అది పట్టాలంటే కింద రవ్వంత జిడ్డు కూడా ఉండకూడదు, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచాకే పూయాలి. ఏ రకమైనా మూల మీద రాసి పది నిమిషాలయ్యాక తెల్లగుడ్డతో ఒత్తి చూడండి. గుడ్డకు జిడ్డు అంటితే ధూళి కూడా అంటుతుంది.

పాలిష్ కొట్టేటప్పుడు ఈ నల్ల భాగాలన్నిటికీ మాస్కింగ్ టేపు వేయాలి. ప్లాస్టిక్ గరుకులో పాలిష్ ఇరుక్కుని ఎండితే బ్రష్షు, సబ్బు పట్టుకుని చాలాసేపు కూర్చోవాలి.

టైరు మందు టైరు పక్కభాగానికే (సైడ్‌వాల్) రాయాలి. రోడ్డును పట్టే పళ్ళకు, బ్రేకు డిస్కుకు, పెడళ్ళకు తగిలితే ప్రమాదం. టైరు మీది గోధుమరంగు మరక చాలావరకు మురికి కాదు. రబ్బరు పగలకుండా అందులో కలిపిన రసాయనం పైకి తేలింది. దాన్ని బ్రష్షుతో కడిగాకే మందు రాయండి, రాసినదాన్ని ఆరనిచ్చి, మిగిలింది గుడ్డతో తుడిచేశాకే బండి తీయండి.